బెంగళూరులో పిల్లల హెల్త్ చెకప్ ప్యాకేజీలు: రక్తపరీక్షలు బోలెడు, డాక్టరు చెయ్యి పడేది తక్కువ

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు చాలా పిల్లల ఆస్పత్రుల్లో రిసెప్షన్ బల్ల మీద పిల్లల చెకప్ ప్యాకేజీ కరపత్రం ఒకటి కనిపిస్తుంది. అందులో అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది పరీక్షల సంఖ్య. యాభై, అరవై, ఇంకా పైన. తీసేది రెండు మూడు చిన్న గొట్టాల రక్తమే. సీబీసీ అనే ఒక్క పరీక్షలో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాల రకాలు అన్నీ విడివిడిగా లెక్కేస్తే ఇరవై దాకా అంకెలొస్తాయి. లివర్‌వి పది, కిడ్నీవి కొన్ని. అలా అరవై అవుతుంది. ఈ రకం ప్యాకేజీల్లో ఏది డబ్బుకి తగ్గది, ఏది కాదు అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

రక్తపరీక్షలకి ఐదుకి రెండు మార్కులు. బాగా తిని, ఆడుకుంటూ, ఎదుగుతున్న పిల్లలకి ఏటా ఇన్ని అక్కర్లేదు. పైగా చేయిస్తే కొత్త చిక్కులొస్తాయి. ఉదాహరణకి లివర్ పరీక్షల్లో వచ్చే ఏఎల్‌పీ అనే ఎంజైమ్. ఎముకలు పెరిగే వయసులో అది పెద్దవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఉండడం మామూలే. చాలా ల్యాబులు రిపోర్టు మీద పెద్దవాళ్ల హద్దులే అచ్చేస్తాయి. దాంతో ఎనిమిదేళ్ల పిల్లాడి ఏఎల్‌పీ మూడొందలుంటే పక్కన లావు అక్షరంతో ‘హెచ్’ (ఎక్కువ) పడుతుంది, ఇంట్లో అందరూ లివర్ డాక్టరు కోసం వెతుకుతారు. కండ తక్కువ కాబట్టి కిడ్నీ పరీక్షలో వచ్చే క్రియాటినిన్ పిల్లలకి తక్కువుంటుంది, దానికి ‘ఎల్’ (తక్కువ) పడుతుంది. నాలుగైదేళ్లలోపు లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువుండడం సహజం, దానికీ గుర్తు పెడతారు. డబ్బు కట్టేముందు ఒక పాత రిపోర్టు నమూనా చూపించమనండి. వయసును బట్టి హద్దులు ఇవ్వని ల్యాబు పిల్లలకి పనికిరాదు.

అన్నిటికంటే హాని చేసేది ఆహార అలర్జీ ప్యానెల్. ఇందులో కొలిచేది ఐజీఈ అనే యాంటీబాడీని. అది పాజిటివ్ అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టింది అని మాత్రమే అర్థం, అలర్జీ ఉందని కాదు. పాలు, గోధుమ, వేరుశనగ మూడూ పాజిటివ్ అని చూసి అన్నీ మాన్పిస్తే ఎదిగే పిల్లకి ప్రొటీనూ కాల్షియమూ రెండూ పోతాయి. తిన్నాక దద్దుర్లు, వాంతి, ఆయాసం ఏవీ రాని పదార్థానికి ఈ పరీక్ష ఎందుకు? అడిగి తీయించేయండి. విటమిన్ డి కూడా అంతే. ఆరోగ్యంగా ఉన్న పిల్లలందరికీ కొలవాల్సిన పని లేదు. మొదటి ఏడాది రోజూ 400 యూనిట్ల చుక్కలు వేస్తున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఉంచుకోవాల్సింది హిమోగ్లోబిన్. ఐదు నుంచి పదకొండేళ్ల వాళ్లకి 11.5, పన్నెండు నుంచి పద్నాలుగేళ్లకి 12 కంటే తగ్గితే రక్తహీనత. తొమ్మిది, పదకొండేళ్ల మధ్య ఒకసారి కొలెస్ట్రాల్ చూడడం మంచిది. బరువు ఎక్కువుండి, మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారితే షుగర్ పరీక్ష చేయించాల్సిందే. ఆ నలుపు మట్టి కాదు, రుద్దితే పోదు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని చెప్పే గుర్తు.

ఇక ఎత్తు, బరువు. ప్యాకేజీలో వీటికి విలువే ఇవ్వరు, మా లెక్కలో ఇవే ముందు. బూట్లు, సాక్సులు విప్పాలి. జడ పైకి కట్టి ఉంటే విప్పాలి. మడమలు, పిరుదులు, భుజాలు గోడకి ఆనాలి, చూపు నేరుగా ఉండాలి. రెండేళ్లలోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. ఒక్క మిల్లీమీటరు వరకూ చదివి, గ్రోత్ చార్టు మీద చుక్క పెట్టాలి. ఐదేళ్లలోపు డబ్ల్యూహెచ్‌ఓ చార్టు, ఆ తర్వాత పద్దెనిమిది దాకా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టు. చాలా చోట్ల బూట్లతో కొలిచి, కంప్యూటర్‌లో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) కొట్టి, పెద్దవాళ్ల హద్దుతో ‘నార్మల్’ అని ఇచ్చేస్తారు. ఐదేళ్లు దాటినవాళ్ల చార్టులో పెద్దవాళ్ల బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే అధిక బరువు, 27కి సమానమైన గీత దాటితే స్థూలకాయం. ఆరేళ్ల పిల్లకి ఆ గీతలు ఎంతో కింద ఉంటాయి. నాలుగేళ్ల తర్వాత, యుక్తవయసు రాకముందు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరగాలి, నాలుగు కూడా పెరగకపోతే కారణం వెతకాలి. పోయినేడు బూట్లతో, ఈ ఏడు బూట్లు లేకుండా కొలిస్తే ఈ లెక్క మొత్తం తప్పవుతుంది.

బీపీ మూడేళ్ల నుంచి ఏటా చూడాలి. గొడవంతా పట్టీ దగ్గరే. పట్టీలోని రబ్బరు సంచి వెడల్పు భుజం చుట్టుకొలతలో కనీసం నలభై శాతం, పొడవు ఎనభై శాతం ఉండాలి. భుజం ఇరవై సెంటీమీటర్లుంటే సంచి ఎనిమిది వెడల్పు, పదహారు పొడవు. పెద్దవాళ్ల పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది, ఉన్న జబ్బు దాగిపోతుంది. లావుగా ఉన్న పదమూడేళ్లవాడికి చిన్న పట్టీ చుడితే ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బు అంటగడతారు. పిల్ల మెట్లెక్కి రాగానే కాదు, మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చున్నాక, కుడిచేతికి చూడాలి. ఒక్కరోజు ఎక్కువొస్తే బీపీ ఉందని రాయకూడదు, మూడు వేర్వేరు రోజుల్లో రావాలి. గదిలో కనీసం మూడు సైజుల పట్టీలు వేలాడుతుంటే ఆ ఆస్పత్రికి పని తెలుసని అర్థం.

కంటి పరీక్ష చాలా ప్యాకేజీల్లో ఉంది, సంతోషం. కానీ చేసే తీరు చూడండి. ఒక్కో కన్ను విడిగా చూడాలి. వేళ్లతో కన్ను మూసుకోమంటే సందుల్లోంచి చూసి అక్షరాలు గడగడా చదివేస్తారు, అరచేయో మూతో అడ్డం పెట్టాలి. చార్టు ఏ దూరానికి తయారైందో ఆ దూరమే ఉండాలి. ఆరు మీటర్ల చార్టుని ఇరుకు గదిలో నాలుగు మీటర్ల నుంచి చదివిస్తే అందరూ పాసే. రెండు కళ్ల మధ్య రెండు వరుసల తేడా ఉంటే కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. ఒక కన్ను బాగుండి ఇంకోటి మందగించినా పిల్లలు ఇబ్బంది పడరు, చెప్పరు. ఏడేళ్లలోపు పట్టుకుంటే ఆ కన్ను తేలిగ్గా దారిలో పడుతుంది, అందుకే మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఈ పరీక్ష తప్పకూడదు. ఇంకో సంగతి: చుక్కలు వేయకుండా మిషన్ మీద చూసిన పవర్‌ని బట్టి అద్దాలు రాయించుకోవద్దు. పిల్లల కన్ను మిషన్‌లోకి చూస్తూ బిగుసుకుంటుంది, లేని మైనస్ చూపిస్తుంది.

వినికిడి విషయంలో మన తెలుగు కుటుంబాలకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. కాన్పు అనంతపురంలోనో నెల్లూరులోనో అమ్మమ్మగారింట, బిడ్డ బెంగళూరు వచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. పుట్టినప్పటి వినికిడి పరీక్ష నెలలోపు, తేడా ఉంటే నిర్ధారణ మూడో నెలలోపు, చికిత్స ఆరో నెలలోపు జరగాలి. ఊళ్లు మారే హడావిడిలో సరిగ్గా ఇదే జారిపోతుంది. అక్కడిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఓఏఈ (చెవిలో చిన్న గొట్టం పెట్టి చేసే వినికిడి పరీక్ష) అనే మాట, మడమ దగ్గర రక్తం తీసి చేసే థైరాయిడ్ పరీక్ష ఫలితం రెండూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మొదటి విజిట్‌లోనే అడగండి. ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) ఐదు రోజులకి మించి ఉన్న బిడ్డకి ఓఏఈ చాలదు, వినికిడి నరాన్ని కూడా చూసే బెరా పరీక్ష చేయించాలి. చప్పట్లకి తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు, ఒక చెవి పనిచేసినా తిరుగుతారు.

ఎదుగుదల ప్రశ్నావళికి మంచి మార్కులివ్వొచ్చు, ఇస్తే గనక. ఆటిజం అనుమానం ఉందేమో చూసే ఎం-చాట్‌లో ప్రశ్నలు ఇరవై, పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లలకి. స్కోరు మూడు నుంచి ఏడు వస్తే మళ్లీ వివరంగా అడగాలి, ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేరుగా నిపుణుల దగ్గరికి పంపాలి. ఇంగ్లిష్ ఫారం చేతికిచ్చి టిక్కులు పెట్టమంటే ఒప్పుకోకండి, నర్సుని తెలుగులో చదివి అడగమనండి. మాటలు లెక్కపెట్టేటప్పుడు ఇంట్లో తెలుగు, ఆయా దగ్గర కన్నడం, డేకేర్ ఇంగ్లిష్ అన్నీ కలపాలి. రెండేళ్లకి ‘పాలు కావాలి’ లాంటి రెండు మాటల జోడింపు ఏ భాషలోనూ రాకపోతే ‘మూడు భాషల మధ్య తికమక’ అనే సర్దుబాటు చెల్లదు.

డాక్టరు పరీక్ష మాత్రం బట్టలు విప్పి చేయాలి. మగబిడ్డకి ఆరు నెలలు నిండినా వృషణం సంచిలోకి దిగకపోతే సర్జన్‌కి చూపించాలి. చొక్కా మీదనుంచి స్టెత్ పెట్టి ఐదు నిమిషాల్లో పంపేస్తే ఇవేవీ దొరకవు. పళ్లు కూడా అప్పుడే చూడాలి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు.

టీకాలు సాధారణంగా ప్యాకేజీలో కలవవు, ఆ కార్డు చూసేవాళ్లూ తక్కువే. పదేళ్లకి, పదహారేళ్లకి పడాల్సిన టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) చాలామందికి పడదు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసులో మొదలుపెడితే ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, పదిహేను నిండాక మొదలుపెడితే మూడు.

పన్నెండేళ్లు దాటినవాళ్లకి అమ్మానాన్నలు బయట కూర్చునే పది నిమిషాలు కావాలి. నిద్ర, నెలసరి, సిగరెట్టు, దిగులు, చచ్చిపోవాలన్న ఆలోచన, ఇవి తల్లి ముందు ఎవరూ చెప్పరు. ప్రాణానికి ముప్పుంటే తప్ప ఇక్కడి మాట బయటికి పోదని డాక్టరు ముందే చెప్పాలి. చాలా ప్యాకేజీల్లో ఈ పది నిమిషాలు లేనే లేవు. అడిగితే కొందరు డాక్టర్లు ఇస్తారు, అపాయింట్‌మెంట్ అప్పుడే అడగండి. దిగులు కనిపిస్తే టెలి-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం.