బట్టల పనిలో ప్రార్థన: ఇన్నేళ్ల అలవాటు మీద నా సమీక్ష

బట్టల పని చేసుకుంటూ ప్రార్థించే అలవాటు నాకు పెళ్లైన కొత్తలో మొదలైంది. ఇప్పుడు మా పెద్దాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇన్నేళ్లు పట్టుకుని ఉన్నాను కాబట్టి ఇందులో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చెప్పగలను. మోకాళ్ల మీద చేసే ప్రార్థనకు ఇది బదులు కాదు. కానీ ఇంట్లో ఒక్కొక్కరి కోసం విడివిడిగా ప్రార్థించడం నాకు వచ్చింది మాత్రం ఈ పనివల్లే.

పద్ధతి సులువు. ఎవరి బట్ట చేతికొస్తే వాళ్ల కోసం ప్రార్థించడమే. మావారి చొక్కా కాలరు చూస్తే ఆ వారం ఎండలో ఎంత తిరిగారో తెలుస్తుంది. అత్తగారి చీర అంచుకు మట్టి ఉందంటే, మోకాళ్ల నొప్పులతోనే మళ్లీ పెరట్లో మొక్కల దగ్గర కూర్చున్నారన్నమాట. అలా బట్ట చేతిలో ఉండగా 'అందరినీ దీవించు ప్రభువా' అని ఒక్క ముక్కలో ముగించెయ్యబుద్ధి కాదు.

అన్నిటికన్నా నాకు ఉపయోగపడింది ఉతికే ముందు జేబులు చూడటం. ఒకసారి మావారి జేబులో తాకట్టు రసీదు దొరికింది. తన ఉంగరం పెట్టి పిల్లాడి ఫీజు కట్టారు, నాకు మాటమాత్రం చెప్పలేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ పూట ప్రార్థన మాటల్లో రాలేదు. రాత్రి అన్నాలయ్యాక రసీదు ఆయన ముందు పెట్టాను. ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. మిరపకాయలు అమ్మేదాకా ఉంగరం విడిపించలేకపోయాం, అద్భుతమేమీ జరగలేదు. కానీ అప్పటినుంచి ఆయన కోసం చేసే ప్రార్థనలో 'క్షేమం', 'సమృద్ధి' లాంటి పెద్ద మాటలు తగ్గి అప్పు, ఫీజు, మిర్చి రేటు వచ్చి చేరాయి. దేవుడితో అవి చెప్పుకోవచ్చని అంతకుముందు నాకు తట్టలేదు.

మరకల సంగతికి వస్తే, పసుపు మరక దగ్గర నేర్చుకున్నంత నేను మరెక్కడా నేర్చుకోలేదు. ఆదివారం ఆరాధనకు తెల్లచీర కట్టుకుని వెళ్తాం. ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో సాంబారు పడకుండా ఇంటికి రావడం కష్టం. ఆ మరక మీద సబ్బు పెట్టగానే పసుపు కాస్తా ఎర్రగా మారుతుంది. తెలియనివాళ్లు చీర పాడైపోయిందని కంగారు పడతారు. సబ్బులో క్షారం ఉంటుంది, అది తగిలితే పసుపు ఎర్రబడుతుంది, అంతే. బాగా జాడించి మంచి ఎండలో ఆరేస్తే, రెండు మూడు ఎండలకు ఆ రంగు దానంతటదే వెలిసిపోతుంది. మరీ రుద్దితే పోయేది చీర పోగులే.

యెషయా 1:18లో 'మీ పాపములు రక్తమువలె ఎఱ్ఱనివైనను అవి హిమమువలె తెల్లబడును' అన్న మాట నాకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. దాని బరువు తెలిసింది మాత్రం ఆ చీర దగ్గరే. తోటికోడలి మీద నేను పెంచుకున్న పంతం, వాక్యం వినకముందు నాకు పంతంలాగే అనిపించలేదు. విన్నాక అది ఇంకా ఎర్రగా కనిపించింది. మరక బయటపడ్డంత మాత్రాన చీర పాడైపోయినట్టు కాదు కదా అన్న ధైర్యంతోనే ఆవిడకు ఫోన్ చేశాను. మా మధ్య అంతా సర్దుకుందని చెప్పను, కానీ మాటలు మొదలయ్యాయి.

మలాకీ 3:2లో, రాబోయే ప్రభువు 'చాకలివాని సబ్బువంటివాడు' అని ఉంది. అది ఇప్పటి వాసన సబ్బు కాదు, మురికిని కొరికే క్షారం. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చాకలివాళ్లు చవుడు మట్టి నీళ్లలో బట్టలు ముంచి, బానమీద ఆవిరికి ఉడికించి, రేవులో బండకేసి బాదేవారట. ఊరందరి బట్టలూ తెల్లగా చేసినవాళ్లు సాయంత్రం గిన్నె పట్టుకుని ఇంటింటి గుమ్మం బయటా అన్నం కోసం నిలబడేవారట. వాక్యం చదివే మా ఇంటి ముందు కూడా. ప్రభువును వాళ్ల పనితో పోల్చిన పుస్తకం చేతిలో పెట్టుకుని అదెలా చేయగలిగామో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. ఈ సంగతి ప్రసంగాల్లో రావాలి.

ఇక కుదరనివి. ఉతుకుతూ ప్రార్థించడం అనుకున్నంత తేలిక కాదు. దుప్పట్లు పిండేటప్పుడు ఊపిరే ఆడదు, మనసెక్కడ నిలుస్తుంది? సెమీ ఆటోమేటిక్ మెషిన్ వచ్చాక ఆ భాగం ఎలాగూ పోయింది, నాకేం నష్టం అనిపించలేదు. విడదీయడం, ఆరేయడం, మడతపెట్టడం మిగిలాయి. వాటిలో మడతపెట్టడమే అన్నిటికన్నా బాగుంటుంది.

బకెట్ అంటే సంఘం, సబ్బు అంటే ఇది, క్లిప్పు అంటే అది అని ప్రతిదానికీ అర్థం అంటగట్టే పాఠాలు నాకు నచ్చవు. బట్ట చూపించిందే పాఠం, మనం అతికించింది కాదు. ఇంకా నచ్చనిది, ఆడవాళ్లకు ఓర్పు నేర్పడానికే ఈ పని ఉందన్నట్టు మాట్లాడటం. మా ఇంట్లో పెద్దాడు తన బట్టలు తనే మడతపెట్టుకుంటాడు. ఆ సమయంలో చెల్లి యూనిఫాం చేతికొస్తే దాని పరీక్షల కోసం ఒక మాట ప్రార్థిస్తాడు. వాడికది నేను చెప్పింది కాదు, నన్ను చూసి నేర్చుకున్నాడు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మడతలతోనే మొదలుపెట్టండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. భక్తి పాటలు పెట్టుకుంటే పాటలో పడిపోతాం, చేతిలో ఎవరి చొక్కా ఉందో కూడా గుర్తుండదు. ముసురు పట్టిన రోజుల్లో ఆరని బట్టల ముక్కిపోయిన వాసనతో విసుగొస్తుంది, ఆ రోజులకు ఈ అలవాటు మానేసినా తప్పులేదు. ఎండ వచ్చాక మళ్లీ అందుకోవచ్చు.