మాడ్యూల్‌లో ఐదు వ్యవస్థలు, యాంటెనాలో ఒక్క బ్యాండు

బాలానగర్‌లో స్కూలు బస్సులకు ట్రాకర్లు చేసే చిన్న కంపెనీలో పని నాది. మా పాత బోర్డులో ఉన్నది జీపీఎస్ ఒక్కటే. కొత్తదాని కోసమని కోఠి గుజరాతీ గల్లీలో ఒక రిసీవర్ కిట్ (సిగ్నల్ చదివే మాడ్యూల్, దాన్ని పట్టే యాంటెనా) కొన్నాను, 2,650 రూపాయలు. తయారీదారు పేరు ఎందుకులెండి. పెట్టె మీద మాత్రం జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ అని ఉపగ్రహాలతో చోటు చెప్పే ఐదు వ్యవస్థల పేర్లూ గొప్పగా వేశారు.

మొదటి సాయంత్రమే తల పట్టుకున్నా. డేటా వస్తోంది, మా ప్రోగ్రామేమో లొకేషన్ లేదంటోంది. తప్పు నాదే. పాత కోడు రిసీవర్ పంపే డేటాలో 'జీపీఆర్ఎంసీ' అని మొదలయ్యే లొకేషన్ లైను కోసం చూస్తోంది. వ్యవస్థలు కలిసినప్పుడు అదే లైను 'జీఎన్ఆర్ఎంసీ' అని వస్తుంది. ఒక్క అక్షరం మార్చేసరికి మ్యాపులో మా కూకట్‌పల్లి డాబా కనిపించింది.

అసలు గొడవ తర్వాత మొదలైంది. జీపీఎస్, గెలీలియో సిగ్నల్ బలం (ఎంత ఎక్కువైతే అంత మంచిది) 42, 44 దాకా ఉంది. గ్లోనాస్ 27 దాటదు. నావిక్ అయితే సున్నా. కొట్టుకు ఫోన్ చేస్తే "మాడ్యూల్ పోయినట్టుంది మేడమ్, తెచ్చేయండి, మార్చిస్తాం" అన్నాడు. మంచివాడే, కానీ పోయింది మాడ్యూల్ కాదు. కిట్‌తో ఇచ్చిన యాంటెనాను తిరగేస్తే వెనక స్టిక్కరు: 1575.42 మెగాహెర్ట్జ్. జీపీఎస్, గెలీలియో ఉండేది అక్కడే. గ్లోనాస్ 1602 చుట్టూ ఉంటుంది. యాంటెనాలో ఉన్న పాతిక మిల్లీమీటర్ల పింగాణీ బిళ్ల అంత దూరం ఎక్కడ అందుకుంటుంది? ఇక ఈ మాడ్యూల్ నావిక్‌ను వినేది ఎల్5 అనే బ్యాండులో, అంటే 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ బిళ్లకు దాని ఊసే తెలీదు.

నావిక్‌లో ఎల్1 సిగ్నల్ (జీపీఎస్ ఉండే ఆ 1575.42 దగ్గరిది) మొదలైందే 2023 మేలో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో. అంతకుముందువన్నీ ఎల్5, ఎస్ బ్యాండ్లే. కాబట్టి 'నావిక్ సపోర్ట్' అని కనిపిస్తే ఏ బ్యాండో అడిగి మరీ కొనండి.

రెండు బ్యాండ్ల యాంటెనా విడిగా తెప్పించాను, ఇంకో 1,900. దాని కింద లోహపు పలక ఉంటేనే సరిగా పట్టుకుంటుంది. ఆఫీసు నుంచి పలక తేవడం మర్చిపోయి, అమ్మ అట్లపెనం బోర్లించి దాని మీద పెట్టా. ఐదు నిమిషాల్లో నావిక్ ఉపగ్రహాలు నాలుగు కనిపించాయి, గ్లోనాస్ 38కి ఎక్కింది. "పెనం డాబా ఎక్కిస్తే రాత్రికి అట్లు దేనిమీద పొయ్యనే?" అని కింద నుంచి అమ్మ.

మర్నాడు స్కూటీ మీద బేగంబజార్ సందుల్లో తిప్పాను. అక్కడ ఆకాశం చీరకొంగంత వెడల్పే. పాత ట్రాకర్ పక్క వీధిలోకి దూకే చోట ఇది సందు వదల్లేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద మాత్రం ఐదున్నా ఒకటే, ఒకటున్నా ఒకటే.

అన్నీ ఆన్‌లో ఉంచితే 34 మిల్లీయాంపులు తాగుతోంది. పైగా ఒక్కో వ్యవస్థకు ఒక్కో గడియారం. కొత్తది కలిపినప్పుడల్లా ఆ తేడా తేల్చడానికే ఒక ఉపగ్రహం ఖర్చవుతుంది. గ్లోనాస్ ఆపేశాను, 27కి దిగింది.

మాడ్యూల్‌కు నాలుగు స్టార్లు, యాంటెనాకు ఒకటి, అదీ స్టిక్కరు మీద నిజం రాసినందుకు. యాంటెనా లేకుండా మాడ్యూల్ ఒక్కటే ఇస్తారా అంటే 2,200 అన్నాడు కొట్టతను. పది మాడ్యూళ్లు ఆర్డరు చెప్పి వచ్చాను.