మాంటిచెల్లో టూర్: వంటగది చూడకుండా దిగిరాకండి

నాన్న తెనాలిలో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పారు. మా దగ్గరికి వచ్చీ రాగానే "నయాగరా తర్వాత చూద్దాంలే అమ్మా, ముందు జెఫర్సన్ ఇల్లు చూపించు" అన్నారు. అందుకే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన ప్రెసిడెంట్ థామస్ జెఫర్సన్ ఇల్లు, వర్జీనియాలో షార్లట్స్‌విల్ పక్కనున్న మాంటిచెల్లోకి తీసుకెళ్లాను.

కింద టికెట్ తీసుకుంటే షటిల్ బస్సు కొండమీదికి చేరుస్తుంది. ఇంట్లోకి అడుగుపెట్టగానే హాల్లో పెద్ద గడియారం. ఫిరంగి గుండ్లలాంటి బరువులు తాడుకి వేలాడుతూ గోడవెంట కిందికి దిగుతుంటాయి. పక్కన రాసిన పేర్లను బట్టి ఈ రోజు ఏ వారమో తెలుస్తుంది. వారమంతటికీ గోడ చాలక, నేలకి కన్నం పెట్టి శనివారాన్ని సెల్లార్‌లోకి దింపారు! నాన్న ఆ కన్నం దగ్గర వంగి చాలాసేపు చూశారు.

జనం ఒప్పుకుంటేనే ప్రభుత్వానికి అధికారం, హక్కులు కాలరాస్తే ఆ ప్రభుత్వాన్ని మార్చేయొచ్చు అని 1776లో ఆ ప్రకటనలో (డిక్లరేషన్), 33 ఏళ్ల వయసులో రాశాడు జెఫర్సన్. చనిపోయే పది రోజుల ముందు, 1826 జూన్ 24న రాసిన ఉత్తరంలోనూ అదే పట్టు: ఎక్కువమంది వీపుమీద జీనుతో పుట్టలేదు, కొద్దిమంది వాళ్లమీద స్వారీ చేయడానికి పుట్టలేదు అన్నాడు.

ఇది మనసులో పెట్టుకుని బానిసత్వం గురించిన టూర్‌కి తప్పకుండా వెళ్లండి. నా లెక్కలో అసలు టూర్ అదే. ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులు ఆయన ఆస్తి. కింద వంటగదిలో వండిన ఈడిత్ ఫాసెట్ వాషింగ్టన్‌లో ఫ్రెంచ్ వంటవాడి దగ్గర పని నేర్చుకుంది. ఆమె భర్త జోసెఫ్ కమ్మరి. వీలునామాలో అతనికి స్వేచ్ఛ రాశాడు జెఫర్సన్, ఆమెకీ పిల్లలకీ రాయలేదు. 1827 జనవరిలో అప్పులు తీర్చడానికి ఇక్కడే 130 మందిని వేలం వేశారు. వాళ్లలో ఈడిత్, ఆమె పిల్లలు కూడా ఉన్నారు.

ఇవేవీ దాచకుండా చెప్పడమే ఈ టూర్‌లో నాకు బాగా నచ్చింది. మా గైడ్ గొంతు ఎక్కడా తగ్గించలేదు, హడావుడి పెట్టలేదు.

"డిక్లరేషన్ అన్నేళ్లు చెప్పాను గానీ, ఈవిడ సంగతి ఒక్క క్లాసులోనూ చెప్పలేదమ్మా" అన్నారు నాన్న. ఆ పొయ్యి దగ్గర్నించి కదల్లేదు.

దిగేటప్పుడు బస్సెక్కకుండా నడిచి రండి, దారిలో జెఫర్సన్ సమాధి వస్తుంది. రాతి మీద ఆయన కోరిన మూడు పనులే ఉన్నాయి: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, వర్జీనియా యూనివర్సిటీ స్థాపన. రెండుసార్లు ప్రెసిడెంట్‌గా చేసిన సంగతి లేదు. పార్కింగ్ దగ్గర చెట్ల కింద బానిసల శ్మశానం ఉంది, అక్కడా ఆగండి. మేం చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం.