అద్దె ఆర్వీ కిచెన్: అన్నం ఓకే, పోపుతోనే తంటా

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్‌కి ఆర్వీలో, అంటే వంటగది, పడకలు అన్నీ ఉండే పెద్ద బండిలో, వెళ్దామనుకునే తెలుగువాళ్లు ముందు అడిగేది ఒకటే, అందులో వంట కుదురుతుందా అని. కుదురుతుంది. కానీ ఫొటోల్లో కిచెన్ చూసి ఇంట్లోలాగే మూడు పూటలా వండి వార్చేద్దాం అనుకుంటే అయ్యే పని కాదు.

స్టవ్‌కి మూడు బర్నర్లు ఉంటాయి గానీ మన గిన్నెలు రెండు పెట్టేసరికి మూడోదానికి చోటుండదు. మంట బాగుంది, దానికి వంక పెట్టను. అసలు గొడవంతా పోపుతోనే. ఎండుమిర్చి నూనెలో పడీ పడగానే పొగ అలారం అందుకుంటుంది, పైన ఫ్యాన్ వేసి, తలుపు బార్లా తీసి, మా అత్తయ్య పేపర్ ప్లేటుతో దాని కింద నిలబడి విసిరితే గానీ నోరు మూయలేదు (పక్క బండివాళ్లు కిటికీలోంచి చూస్తున్నారు). పోపు ఇంట్లోనే పెట్టేసి సీసాలో పోసుకెళ్లండి, హాయి.

ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాస్ మీద కూడా నడుస్తుంది, అది మంచిదే, కానీ ఇంట్లో ఫ్రిజ్‌లా త్వరగా చల్లబడదు, దాదాపు ఒక రాత్రంతా పడుతుంది. ముందు రోజే ఆన్ చేసి ఉంచమని అడిగితే అద్దెకిచ్చినవాళ్లు అలాగే అన్నారు, తీరా వెళ్లి తలుపు తీస్తే లోపల వెచ్చగా ఉంది. ఐస్ వేసిన కూలర్ వెంట ఉండబట్టి పెరుగు దక్కింది. సాంబారు, కూరలు జిప్‌లాక్ కవర్లలో పలచగా పరిచి గడ్డ కట్టించి తీసుకెళ్తే అవే కూలర్‌లో ఐస్‌లా పనిచేస్తాయి, చోటూ కలిసొస్తుంది. మొదటి రోజుకి పులిహోర, చపాతీలు. తర్వాత పొద్దున పూట ఉప్మా, దానికి రవ్వ ముందే వేయించి పోపు కలిపి ఉంచుకుంటే మరిగే నీళ్లలో పోయడమే.

మేం దిగింది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్క్‌లో. ఎల్లోస్టోన్ లోపల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఉన్నది అదొక్కటే. మా బండిది 30 ఆంప్స్ కనెక్షన్, అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, అన్నం వండే ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) మూడూ ఒకేసారి వేశారంటే బ్రేకర్ పడిపోతుంది. అన్నం పెట్టినప్పుడు ఏసీ ఆపేయండి. ఇంకో సంగతి, అక్కడ ఎత్తు దాదాపు 7,800 అడుగులు, నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కందిపప్పు మామూలు గిన్నెలో ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ ఉండి తీరాల్సిందే, అదీ రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వాలి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తిన్న ప్లేట్లు, కూలర్, ఆఖరికి ఖాళీ నూనె సీసా కూడా బయట వదలకూడదు. ఈ రూల్ విషయంలో పార్క్ రేంజర్లు చాలా స్ట్రిక్ట్.

కిచెన్‌కి అయిదులో మూడున్నర ఇస్తాను. బండి అద్దెకిచ్చినవాళ్లు విడిగా డబ్బు తీసుకుని ఇచ్చే కిచెన్ కిట్‌కి ఒకటి, అదీ పళ్లేలు శుభ్రంగా ఉన్నందుకు. అందులో కుక్కర్ లేదు, గరిటె ప్లాస్టిక్‌ది, కత్తికి టమాటా కూడా తెగదు. ఆ డబ్బుతో చిన్న మూడు లీటర్ల కుక్కర్ కొనుక్కోవచ్చు.