చీకటి మెటల్ ఆల్బమ్‌లు: ఏళ్ల తరబడి విన్నాక నా సమీక్ష

నెమ్మదిగా, బరువుగా సాగే డూమ్, గరగరమనే బ్లాక్ మెటల్, దిగులు నిండిన గోథిక్, ఈ మూడింటి మధ్య ఎటూ తేలని బాపతు ఇంకొన్ని. హెవీ మెటల్‌లో ఇలా మెల్లగా కమ్ముకునే ఆల్బమ్‌లను చాలా ఏళ్లుగా వెతుక్కుంటున్నాను, కొంటున్నాను, కొన్నిటిని వదిలించుకుంటున్నాను కూడా. ఈ సమీక్ష ఆ అలవాటు మొత్తానికీ: ఏవి నిలిచాయి, ఎలా దొరికాయి, ఏ రూపంలో కొంటే మేలు. ముందే చెప్పేస్తాను, మొదటిసారి విన్నప్పుడు గుండెలో దడ పుట్టించినవాటిలో చాలా భాగం అటకెక్కాయి. గిటార్లు ఎక్కడ ఆపాలో తెలిసిన బ్యాండ్లవి మాత్రం ఇంకా చేతికందే అరలోనే ఉన్నాయి.

ఈ సంగతి మొదట్లోనే తేలిపోయింది నిజానికి. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు విడుదలైంది. పెట్టగానే వినిపించేది గిటార్ కాదు. వాన, ఉరుము, దూరంగా గంట. ఆ తర్వాత వచ్చే మూడు స్వరాలే ఈ సంగీతానికంతా పునాది. ఆ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లతోనే. కొసలకు తొడుగులు పెట్టుకుని, సన్నటి తీగలు వాడి, 1971 ఆల్బమ్ నాటికి తీగల బిగువు కూడా తగ్గించాడు. శ్రుతి కిందికి దిగింది, బరువు పెరిగింది. తర్వాత వచ్చిన వాళ్లలో చాలామంది ఆ బరువునే పట్టుకున్నారు, వాననూ గంటనూ వదిలేశారు.

వదలని వాళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం తోడున్నది మై డైయింగ్ బ్రైడ్. 1990ల మొదట్లో ఇంగ్లండ్‌లో పీస్‌విల్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) నుంచి ప్యారడైజ్ లాస్ట్, అనాథెమా, వీళ్లూ వరసగా వచ్చారు. మై డైయింగ్ బ్రైడ్ 1993 ఆల్బమ్ 'టర్న్ లూజ్ ద స్వాన్స్' తీసుకోండి. గర్జించే గొంతు కోసం పెడితే మొదటి పాటలో అది ఉండదు, గిటార్ల హోరూ ఉండదు. కీబోర్డు, మార్టిన్ పావెల్ వయొలిన్, వాటి మీద ఆరన్ స్టెయిన్‌థార్ప్ నింపాదిగా పలికే మాటలు. తమాషా ఏంటంటే ఇదే పాట అంతకుముందు ఏడాది వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో బండరాళ్లు దొర్లినట్టు మోగుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ రాళ్లన్నీ తీసేసి, అదే పాటను కొత్త ఆల్బమ్ గుమ్మంలో పెట్టారు. రెండో పాటలో గిటార్లు దిగేసరికి వాటికి రెట్టింపు బరువు వస్తుంది. చివరి పాటలో మళ్లీ గిటార్లు పక్కకు తప్పుకుంటాయి. ఎన్నిసార్లు విన్నా ఆ అమరిక నాకు విసుగు పుట్టించలేదు. గోథిక్ మెటల్‌కి ప్యారడైజ్ లాస్ట్ 1991 ఆల్బమ్ 'గోథిక్'ని మూలం అంటారు, కాదనను, గౌరవంగా అరలో ఉంచాను. ప్రేమగా తీసేది మాత్రం 'టర్న్ లూజ్ ద స్వాన్స్'నే.

నిలిచినవాటిలో రెండోది నార్వే బ్యాండ్ ఉల్వర్ 'బెర్గ్‌టాట్', 1995. నార్వే జానపద కథల్లో మనుషుల్ని కొండలోకి లాక్కుపోయే శక్తులుంటాయి, వాటి వాత పడిన ఒక అమ్మాయి కథ ఇది. అయిదు అధ్యాయాలు, మొత్తం కలిపి 35 నిమిషాల లోపే. మూడో పాట మధ్యలో సంగీతం సద్దుమణిగి, అడవిలో ఎవరో పరుగెత్తుతున్న అడుగుల చప్పుడు వస్తుంది. పాత తరహా నార్వే భాషలో ఉన్న సాహిత్యం ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ అడుగులు విన్నాక కథ ఎక్కడిదాకా వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఇది హెడ్‌ఫోన్స్‌లోనే వినాలి. స్పీకర్లలో ఆ అడుగులు గదిలో చప్పుళ్లలో కలిసిపోతాయి.

ఇక దొరకబుచ్చుకోవడం. స్ట్రీమింగ్ యాప్‌లు చూపించే సిఫార్సుల మీద నాకు గురి పోయింది. ఒక బ్యాండ్ వింటే దాన్ని అనుకరించే పది బ్యాండ్లను ముందు పెడతాయి. అదే చలి, అదే మంచు, అదే కీబోర్డు. నాకు పనికొచ్చిన పద్ధతి పాతకాలపుది: ఆల్బమ్ బుక్‌లెట్ తీసి, చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవడం. ఎవరు రికార్డ్ చేశారు, ఎవరు బొమ్మ గీశారు, బయటి నుంచి వచ్చి పాడింది ఎవరు. ఒక్కో పేరూ ఒక్కో తలుపు.

కటటోనియా 'బ్రేవ్ మర్డర్ డే' (1996) చూడండి. అప్పటికి ఆ బ్యాండ్ గాయకుడు యోనస్ రెంక్సే గొంతు గర్జనలకు సహకరించడం మానేసింది. దాంతో స్నేహితుడు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్ వచ్చి ఆ పని చేసిపెట్టాడు. ఆ పేరు పట్టుకుని వెళితే అతని బ్యాండ్ ఓపెత్ దొరుకుతుంది, అక్కడి నుంచి స్టీవెన్ విల్సన్ ప్రొడ్యూస్ చేసిన 2001 నాటి 'బ్లాక్‌వాటర్ పార్క్'. కటటోనియా ఆల్బమ్‌లో రెంక్సే ఊరుకోలేదు, మూడో పాటను తన మామూలు గొంతుతో మెత్తగా పాడాడు. ఆ తర్వాత ఆ బ్యాండ్ నడిచిన దారంతా ఆ ఒక్క పాటలోనే కనిపిస్తుంది.

బొమ్మల దారి ఇంకా బాగుంటుంది. ఎంపరర్ 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్' (1994) అట్ట మీది నీలి రాత్రిని గీసింది స్వీడన్ చిత్రకారుడు క్రిస్టియన్ వోలిన్. ఆయన గీసిన ఇంకో అట్ట కోసం వెళ్లి డిసెక్షన్ 'స్టార్మ్ ఆఫ్ ద లైట్స్ బేన్' (1995) విన్నాను. పైకి ఒకే చలి, లోపల వేరే సంగీతం. ఎంపరర్ మబ్బులా కమ్ముకుంటుంది, డిసెక్షన్ కత్తిలా గీస్తుంది. బాథరీ 'బ్లడ్ ఫైర్ డెత్' (1988) అట్ట మీద ఆకాశంలో దూసుకుపోతున్న రౌతుల గుంపు, నార్వే చిత్రకారుడు పీటర్ నికోలాయ్ ఆర్బో 1872లో గీసిన పెయింటింగ్. ఇన్నిటిలో నాకు బాగా నచ్చిన అట్ట మాత్రం అగలాక్ 'ద మాంటిల్' (2002)ది. కొమ్ములెత్తి నిలబడ్డ ఎల్క్ జింక, బూడిద రంగు ఆకాశం. నడి అడవి అనుకుంటాం. అది అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం నడిబొడ్డున నిలబెట్టిన విగ్రహం. ఆల్బమ్ కూడా అలాంటిదే, ఊళ్లో ఉండి అడవి కోసం పాడుకున్న పాటలు.

స్టూడియోల దారి నార్వేలోని బెర్గెన్‌కి తీసుకెళ్తుంది. అక్కడి గ్రీగ్‌హాలెన్ అనే కచేరీ హాలులో పిట్టెన్ అనే సౌండ్ ఇంజనీర్ దగ్గర నార్వే బ్లాక్ మెటల్‌లో పేరున్న ఆల్బమ్‌లు వరసగా రికార్డయ్యాయి. ఎంపరర్‌ది అందులో ఒకటి. ఆ పెద్ద హాలు గాలి డ్రమ్స్ వెనక వినిపిస్తుంది. డార్క్‌థ్రోన్ దీనికి పూర్తిగా ఉల్టా. 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' (1994)ని ఇంట్లోనే నాలుగు ట్రాకుల రికార్డర్ మీద చేశారు. ఆ గరగర చాలామందికి పడదు, నాకు పడింది. పుర్రెకో బుద్ధి అంటారు, ఈ సంగీతంలో పుర్రెలకేం కొదవ!

పేర్లు వెతకడానికి నేను రోజూ వాడేవి రెండే. 2002 నుంచి నడుస్తున్న వెబ్‌సైట్ ఎన్‌సైక్లోపీడియా మెటాలమ్‌లో ఏ బ్యాండ్‌లో ఎవరు ఎప్పుడు వాయించారో అభిమానులే రాసి పెడుతుంటారు, వివరాలు చాలావరకు నమ్మదగినవే. కొనే ముందు ఏ ముద్రణ ఏదో తేల్చుకోవడానికి రికార్డుల వివరాలుండే సైట్ డిస్కాగ్స్. మొదటిదానిలో బ్యాండ్ లోగోలు కూడా ఉంటాయి, పక్కన మామూలు అక్షరాల్లో పేరు లేకపోతే సగం నాకు చదవడం రాదు. ఎంపరర్ లోగో గీసిన బెల్జియం చిత్రకారుడు క్రిస్టాఫ్ ష్పాయ్‌డెల్ మాత్రం దయగలవాడు, ఆ పేరు ఇట్టే చదవొచ్చు.

ఈ తవ్వకంలో ఇబ్బంది పెట్టేది ఒకటుంది. నార్వేలో ఆ రోజుల్లో చర్చిలు తగలబెట్టారు, 1993లో మేహెం అనే బ్యాండ్ గిటారిస్టును హత్య చేశారు. కొందరు తర్వాత జాతి విద్వేషం కూడా తలకెక్కించుకున్నారు. విద్వేషాన్ని నమ్మి, ఇప్పటికీ దాన్నే ప్రచారం చేసేవాళ్లకు నా డబ్బు వెళ్లనివ్వను. ఆల్బమ్ ఎంత గొప్పదన్నా సరే. వినడానికి ఇంకా ఎన్నో ఉన్నాయి.

ఫిన్లాండ్ గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. డూమ్‌ని ఇంకా నెమ్మది చేసి శవయాత్ర నడకకు దించింది అక్కడివాళ్లే. థెర్గోథాన్ 'స్ట్రీమ్ ఫ్రమ్ ద హెవెన్స్' (1994), ఆ వెంటనే 1995లో స్కెప్టిసిజం 'స్టార్మ్‌క్రోఫ్లీట్'. స్కెప్టిసిజంలో బేస్ గిటార్ లేదు. ఆ చోట చర్చి ఆర్గన్‌లా మోగే కీబోర్డు నిండిపోతుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య డ్రమ్స్ ఎంతసేపు ఆగుతాయంటే, మొదట్లో పాట ఎక్కడైనా ఆగిపోయిందేమో అనిపిస్తుంది. చెవి అలవాటు పడ్డాక ఆ ఆగడం కోసమే వింటాం. ఎవరికైనా సిఫార్సు చేయాలంటే మాత్రం నాకు టెన్షనే. మంచి మూడ్‌లో ఉన్నవాళ్లకి వినిపిస్తే మూడ్ పోతుంది, దిగులుగా ఉన్నవాళ్లకి వినిపించాలంటే భయం.

ఇప్పుడు ఏ రూపంలో కొనాలన్నది. వినైల్ మీద అందరికీ ఉన్న మోజు నాకూ ఉండేది, ఇప్పుడు బాగా తగ్గింది. ఈ సంగీతానికి సీడీయే సరైనదని నా అభిప్రాయం, ఫ్యాషన్ కాకపోయినా సరే. ఎల్పీ (వినైల్ రికార్డు) ఒక వైపు 20 నిమిషాలు దాటితే ధ్వని పలచబడటం మొదలవుతుంది. గంటకు పైగా సాగే 'ద మాంటిల్'ని వినైల్ మీద వినాలంటే రెండు డిస్కులు, మధ్యలో మూడుసార్లు లేవాలి. పట్టుకున్న వాతావరణం లేచిన ప్రతిసారీ చెదిరిపోతుంది. పైగా నిశ్శబ్దం మీద ఆధారపడే చోట్ల సూది చిటపటలు. అట్ట బొమ్మ పెద్దగా కనిపిస్తుందన్న ఒక్క విషయంలో వినైల్‌ని ఎవరూ కొట్టలేరు, ఒప్పుకుంటాను. డార్క్‌థ్రోన్ లాంటివాటికి ఆ చిటపటలు ఇంకా కలిసొస్తాయి.

సీడీకీ హద్దుంది. బెల్ విచ్ 'మిర్రర్ రీపర్' (2017) మొత్తం 83 నిమిషాల ఒకే పాట, ఒక సీడీలో పట్టదు. బేస్, డ్రమ్స్ మాత్రమే ఉన్న ఇద్దరి బ్యాండ్ అది. 2016లో చనిపోయిన పాత డ్రమ్మర్ ఏడ్రియన్ గెరా గొంతును, అంతకుముందు రికార్డ్ చేసి మిగిలిపోయినదాన్ని, పాట మధ్యలో వాడుకున్నారు. ఇలాంటిదాన్ని ఫైల్ రూపంలోనే వినాలి, ఎక్కడా తెగకుండా. దీనికి బ్యాండ్‌క్యాంప్ అనే సైట్ ఉంది: కొనే ముందు వినొచ్చు, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు దించుకోవచ్చు, డిజిటల్ అమ్మకాల మీద కమిషన్ 15 శాతమే కాబట్టి ఎక్కువ భాగం బ్యాండ్‌కో లేబుల్‌కో చేరుతుంది.

పాత సీడీలు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. ఇంగ్లండ్‌లోని ఒక ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 దాకా తయారైన డిస్కులు కొన్ని కాలం గడిచేకొద్దీ రాగిరంగుకు తిరుగుతాయి. పై పూత కాగితపు కవర్లలోని గంధకానికి తట్టుకోలేక లోపలి పొర పాడవుతుంది. 'కొత్తదానిలా ఉంది' అని రాసి నాకు అంటగట్టిన ఒక డిస్కు అంచు చుట్టూ టీ మరకలాంటి రంగు, చివరి పాటలో తడబాటు. అమ్మినవాడు ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేడు. అప్పటి నుంచి పాతవి కొనాలంటే మెరిసే వైపు ఫోటో పంపమని అడుగుతాను. చేతికి వచ్చాక డిస్కును దీపం కింద కాస్త వాల్చి పట్టుకుంటే, మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పట్టీలో సన్నటి అంకెలు కనిపిస్తాయి. వాటిని డిస్కాగ్స్‌తో పోలిస్తే ఎక్కడిదో, ఏ ముద్రణో తెలిసిపోతుంది. రీమాస్టర్ (పాత రికార్డింగ్ ధ్వనిని మళ్లీ సరిచేసి వేసినది) అని రాసి ఉన్నంత మాత్రాన మెరుగని అనుకోవద్దు. చాలా రీమాస్టర్లు చేసేది వాల్యూమ్ పెంచి, మెల్లని చోట్లను కూడా గట్టి చోట్లంత చేయడమే. ఈ సంగీతానికి అంతకంటే చెరుపు లేదు.

రంగు తేడా లేకపోయినా గుయ్‌మని మోగేది ఒకటుంది. టైప్ ఓ నెగటివ్ 'అక్టోబర్ రస్ట్' (1996) మొదటి ట్రాక్ 38 సెకన్ల పాటు వట్టి గుయ్‌మనే రొద, వైర్లలో ఏదో తేడా వచ్చినట్టు. వినేవాడు లేచి కేబుళ్లు పీకి చూడాలనే చేశారు. వెంటనే బ్యాండ్ సభ్యుల నవ్వులు వినిపిస్తాయి. చీకటి సంగీతం చేసేవాళ్లకు హాస్యం లేదనేవాళ్లకి నేను ముందు ఇదే వినిపిస్తాను.

మొహం మొత్తినవి కూడా చెప్పాలి. గాలి హోరు, తోడేలు ఊళ, కోరస్ కీబోర్డుతో మొదలయ్యే ఆల్బమ్‌లు. నలుపు తెలుపు చెట్ల ఫోటో అట్టలు. అన్నిటికీ మించి లిమిటెడ్ ఎడిషన్ పెట్టెలు: చెక్క డబ్బా, జెండా, సంతకం కార్డు, అన్నీ ఉంటాయి, పాటలు మాత్రం మామూలు సీడీలో ఉన్నవే. కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 'బెర్గ్‌టాట్'తో మొదలుపెట్టండి, అరగంట పైచిలుకులో తేలిపోతుంది. నచ్చితే 'టర్న్ లూజ్ ద స్వాన్స్', ఆ తర్వాత 'ద మాంటిల్'. స్కెప్టిసిజం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇంట్లో రెండు ప్లేయర్లు ఉంటే న్యూరోసిస్ 1999 ఆల్బమ్ 'టైమ్స్ ఆఫ్ గ్రేస్', వాళ్లే ట్రైబ్స్ ఆఫ్ న్యూరాట్ పేరుతో చేసిన 'గ్రేస్' కూడా తెచ్చుకోండి. రెండూ ఒకేసారి మోగించడానికే తయారుచేశారు. మోగించే ముందు ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పడం మంచిది.