నార్తర్న్ లైట్స్ సమీక్ష: సముద్రం అడుగున గ్యాసు దాచే సర్వీసు

ఫ్యాక్టరీ వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఓడలో తీసుకెళ్లి భూగర్భంలో దాచే సర్వీసు ఇది. ఈక్వినార్, షెల్, టోటల్ ఎనర్జీస్ కలిసి నార్వేలో నడుపుతున్నాయి. 2025 ఆగస్టులో తొలి గ్యాసు లోపలికి వెళ్లింది. మొదటి దశ సామర్థ్యం ఏడాదికి 15 లక్షల టన్నులు.

రవాణాకు పెద్దగా వంక పెట్టలేం. దాదాపు 15 బార్ల (మామూలు గాలి పీడనానికి సుమారు 15 రెట్ల) పీడనంలో, మైనస్ 26 డిగ్రీల దగ్గర ద్రవంగా మార్చిన గ్యాసును 7,500 ఘనపు మీటర్ల ఓడలు నార్వే తీరంలోని ఓయ్‌గార్డెన్ టెర్మినల్‌కు చేరుస్తాయి. అక్కడి నుంచి 100 కిలోమీటర్ల పైపులైను, ఆపైన సముద్రపు అడుగుకు 2,600 మీటర్ల కింద ఇసుకరాయి పొర.

కస్టమర్‌కు అసలు తలనొప్పి తన గేటు లోపలే. తేమ 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) దాటితే గ్యాసు తీసుకోరు. చాదస్తం అనిపిస్తుంది గానీ, నీరు విడిగా మిగిలిందంటే కార్బానిక్ ఆమ్లం తయారై మామూలు ఉక్కును తినేస్తుంది. సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్ల దగ్గరా ఇంతే పట్టింపు. ఈ శుద్ధి ఖర్చంతా కస్టమర్‌దే. పొగలోంచి గ్యాసును పట్టేది అమైన్ అనే రసాయన ద్రావణం; దాన్నుంచి గ్యాసును మళ్లీ విడదీయడానికి కావాల్సిన ఆవిరి ఇంకో భారం. నార్వేలోని బ్రెవిక్ సిమెంటు ప్లాంటు ఈ ఆవిరికి తన వృథా వేడితోనే సరిపెట్టుకుంటోంది. అందుకే లక్ష్యం ఏడాదికి 4 లక్షల టన్నులు, అంటే తన ఉద్గారాల్లో దాదాపు సగమే.

లీకవుతుందా అని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది, ఒప్పుకున్నంత గ్యాసును ఆ పొర పీల్చుకుంటుందా అని. నార్వేలోనే స్నోవిట్ సహజవాయు క్షేత్రంలో 2008లో కార్బన్ డయాక్సైడ్‌ను భూగర్భంలోకి పంపడం మొదలుపెడితే పీడనం అనుకున్నదానికన్నా వేగంగా పెరిగి, 2011లో వేరే పొరకు మారాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాలోని గోర్గన్ సహజవాయు ప్రాజెక్టులో పీడనం తగ్గించడానికి పొరలోంచి నీళ్లు తోడే ఏర్పాటులో ఇసుక చేరి, పంపే వేగం లక్ష్యానికి చాలా దిగువన ఉండిపోయింది. నార్వేలోని ఇలాంటి ఇంకో ప్రాజెక్టు స్లైప్‌నర్ మాత్రం 1996 నుంచి నడిచింది, పొర మంచిది కాబట్టి. నార్తర్న్ లైట్స్ అదనంగా ఇంకో బావి సిద్ధం చేసుకుంది. మంచిదే, కానీ పొరే మొరాయిస్తే రెండో బావీ పెద్దగా ఆదుకోదు.

సిమెంటు వాళ్లకైతే తీసుకోమనే చెప్పాలి. సున్నపురాయి కాల్చినప్పుడు వచ్చే గ్యాసు ఇంధనం మార్చినా ఆగదు. కరెంటు కోసం బొగ్గు కాల్చేవాళ్లకు మాత్రం దండగ. సంతకం పెట్టే ముందు ఫ్యాక్టరీ దగ్గరి నిల్వ ట్యాంకు సైజు తేల్చుకోండి: తుఫానుకు ఓడ ఆలస్యమై ట్యాంకు నిండితే, పట్టిన గ్యాసును మళ్లీ గాల్లోకి వదలాల్సిందే.