భుజం ఆపరేషన్‌కి ‘మూడు రోజుల బ్లాక్’ అంటున్నారా? పైపు పెట్టారో లేదో చూసుకోండి

ఎడమ చేత్తో కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి. కుడి చెయ్యి స్లింగ్‌లో ఉంది.

హాస్పిటల్ పేరు రాయను. ఎముకలకి మనవాళ్ళంతా వెళ్ళేది అక్కడికే కాబట్టి చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. బండి మీద నుంచి పడ్డాను, భుజం కీలుని పట్టి ఉంచే కండరాల పట్టీ (రొటేటర్ కఫ్) చిరిగిందన్నారు, కీహోల్ ఆపరేషన్ అన్నారు, సరే అన్నాను. సర్జన్ పనికి వంక పెట్టను. గొడవంతా నొప్పి తెలియకుండా ఇచ్చే నెర్వ్ బ్లాక్ దగ్గరే.

అడ్మిషన్ రోజు ప్యాకేజీలు చెప్పే అమ్మాయి వచ్చింది. మెడ పక్కన నరాల దగ్గర సన్నటి పైపు పెడతారట, దానికి చిన్న పంపు తగిలిస్తారట, మందు కొంచెం కొంచెంగా వెళ్తూనే ఉంటుందట. "మూడు రోజులు మీకు భుజం ఉందన్న సంగతే తెలియదు సార్." దానికి విడిగా 22,000. ఇన్సూరెన్స్‌లో రాదు. "అంత అవసరమా?" అంది మా ఆవిడ. నేనే పెద్ద జమీందారులా "నొప్పి దగ్గర పిసినారితనం ఏంటి" అని కార్డు గీకాను.

ఉదయం పదిన్నరకి మత్తు డాక్టరు స్కానింగ్ మెషిన్‌లో చూస్తూ మెడ దగ్గర ఇంజెక్షన్ ఇచ్చారు. కాసేపటికి నా చెయ్యి నేను పట్టుకుంటే పక్కవాడి చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. ఆపరేషన్ అయి బయటికి వచ్చేసరికి కుడి కనురెప్ప వాలిపోయింది, గొంతు బొంగురుపోయింది. పక్షవాతం అనుకుని మా ఆవిడ ఏడుపు అందుకుంది. ఈ బ్లాక్‌తో ఒక్కోసారి అలా అవుతుందనీ, మందు ప్రభావం తగ్గాక అదే పోతుందనీ అప్పుడు చెప్పారు. ముందే చెబితే వాళ్ళ సొమ్మేం పోయేదో.

మెడకి చిన్న ప్లాస్టర్ ఉంది. దాని కింద పైపు ఉంది, కదిలితే ఊడిపోతుందని రోజంతా కొయ్యబొమ్మలా పడుకున్నాను. మంచినీళ్ళు స్ట్రాతో తాగాను.

రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చింది. వేళ్ళలో జివజివ. పావుగంటలో భుజంలోకి ఎవరో కాల్చిన చువ్వ దించి తిప్పుతున్నట్టు నొప్పి. బెల్లు కొడితే, ఎంతసేపటికో సిస్టర్ వచ్చింది.

"పంపు ఆగిపోయినట్టుంది, చూడమ్మా" అన్నాను.

"ఏ పంపు అంకుల్?"

ప్లాస్టర్ తీసింది. మా ఆవిడ ఫోన్ లైటు వేసింది. సూది గుచ్చిన చుక్క ఒక్కటే ఉంది. "మీకు సింగిల్ షాటే కదా, కేస్ షీట్‌లో అదే రాశారు" అంది సిస్టర్. లేని పైపుకి పదహారు గంటలు కాపలా కాశానన్నమాట! నొప్పి తట్టుకోలేక అరిస్తే, "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా అంకుల్, కాస్త ఓర్చుకోవాలి" అని ఒక పారాసిటమాల్ చేతిలో పెట్టి వెళ్ళింది. డ్యూటీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్ ఇచ్చేసరికి నాలుగు దాటింది.

పొద్దున్న మత్తు డాక్టరు నవ్వుతూ వచ్చారు. "16 గంటలు వచ్చిందా? బాగా పనిచేసిందండీ." ఏదో నేను ర్యాంకు తెచ్చుకున్నట్టు! ఒక్క ఇంజెక్షన్ అయితే మామూలుగా అర రోజు నుంచి ఒక రోజు లోపే దిగిపోతుందట. దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుందట, అందుకే తిమ్మిరి ఉండగానే మాత్రలు మొదలుపెట్టాలట. "వార్డులో చెప్పలేదా?" అని నన్నే అడిగారు.

డిశ్చార్జి బిల్లులో 22,000 అలాగే ఉంది. పైపే పెట్టలేదు కదయ్యా అంటే కౌంటర్లో కుర్రాడు తల కూడా ఎత్తలేదు. "ప్యాకేజీ సార్. మీల్స్‌లో పెరుగు వేసుకోకపోతే డబ్బులు వాపసు ఇస్తారా?" వేసుకోకపోవడం కాదు నాయనా, మీరు వడ్డించలేదు! ఈ జవాబు నాకు ఇంటికొచ్చాక తట్టింది. అక్కడ మాత్రం నోరు మూసుకుని సంతకం పెట్టాను, అదీ ఎడమ చేత్తో.

వెళ్ళేవాళ్ళు ఒక్క ఇంజెక్షనా, పైపా అని మత్తు డాక్టర్నే అడిగి, కన్సెంట్ కాగితం మీద రాయించుకోండి. రాత్రి పడుకునే ముందు ఏ మాత్ర వేసుకోవాలో కూడా. ఆస్తమా, ఊపిరితిత్తుల జబ్బు ఉంటే తప్పకుండా ముందే చెప్పండి, ఈ బ్లాక్‌తో ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చే డయాఫ్రమ్ అనే కండరం ఆ పక్కన కాసేపు సరిగా పనిచేయదు, ఆయాసం రావచ్చు.

గురువారం కుట్లు తీయించుకోవడానికి మళ్ళీ అక్కడికే వెళ్ళాలి. బిల్లూ, కేస్ షీట్ జిరాక్సూ పట్టుకుని వెళ్తున్నా.